సూరతు దారి

ప్రయాణములను గూర్చి మనకు దక్కిన చరిత్ర చాలవరకు వ్రాయగలిగినవారి చరిత్ర. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేరి, కాశిని సేవించి, 1831లో తిరిగి వచ్చిరి. పదునైదు మాసములకు పైబడిన ఆ యాత్రలో ఆయన దిగిన మజిలీలు, దాటిన నదులు, చూచిన ఊళ్లు, వాని వసతులు 'కాశీయాత్ర చరిత్ర'లో నేటికిని నిలిచియున్నవి. పుణ్యమునకై పోయినవాడు వ్రాసెను. వర్తకమునకై వచ్చిన విదేశీయుడు వ్రాసెను. పొట్టకూటికై పోయినవాడు మాత్రము ఏమియు వ్రాయలేదు. వాని ప్రయాణమునకు చీటీ యొక్కటే సాక్ష్యము; అదియు దిగినచోటనే పారవేయబడినది.

అట్టి ప్రయాణములలో నొకదానిని గూర్చి ఇచట విచారింపదలచితిని. సూరతు నగరమునకు దక్షిణభాగమున పాండేసర యను పేట కలదు. ఒకప్పుడు పల్లె, నేడు రంగుల మిల్లులు, అద్దకపు కార్ఖానాలు, మరమగ్గపు కొట్టములు క్రిక్కిరిసిన పారిశ్రామిక వాడ. పాండేసరలోను, దాని చెంతనున్న ఉధనా, లింబాయత్ పేటలలోను తెలంగాణపు నేత కుటుంబములు పెక్కు నివసించుచున్నవి. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వెళ్లిన పద్మశాలీలు వీరిలో ముఖ్యులు. వీరు అచటికి పోయిన దారి క్రొత్తది కాదు. ఆ దారికి నాలుగు వందల యేండ్ల చరిత్ర కలదు. అయితే ఆ దారిలో ఎవరు ఎటు పోవుచుండిరి, ఏ సరకు ఎటు వచ్చుచుండెను అను విషయము మాత్రము తలక్రిందులైనది.

పదునేడవ శతాబ్దమున సూరతు మొగలు సామ్రాజ్యమునకు ప్రధానమైన రేవు. మచిలీపట్టణము గోలకొండ రాజ్యమునకు రేవు. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్టణమునను, 1613లో సూరతునను వర్తకస్థానములను నెలకొల్పుకొనిరి. ఈ రెండు రేవులను కలుపు నేలదారి దక్కను పీఠభూమిమీదుగా గోలకొండకు వచ్చి, అచటినుండి సముద్రతీరమునకు దిగుచుండెను. ఫ్రెంచి రత్నవర్తకుడైన టావెర్నియే సూరతునుండి గోలకొండకు పలుమారులు ప్రయాణించి, ఔరంగాబాదు, నాందేడు మీదుగా వచ్చు మజిలీలను వరుసగా పేర్కొనెను. ఆ దారి నడుచుటకు ఆయన చెప్పిన లెక్క 27 దినములు. 1666లో సూరతున దిగిన తెవెనో యను మరియొక ఫ్రెంచి యాత్రికుడును గోలకొండకును, ఆపై మచిలీపట్టణమునకును పోయెను. సూరతులోని మహాధనికుడగు వీర్జీ వోరాకు గోలకొండలో సైతము ప్రతినిధులుండిరి.

వీరందరును తెలుగుదేశమునకు వచ్చినది వజ్రములకొరకు మాత్రమే కాదు. మన అద్దకపు బట్ట, మన నేత బట్ట వారికి కావలసియుండెను. సాలెవాడు తన ఇంటిగుంటలో కూర్చుండి నేసిన బట్ట ఎద్దులమీదను, బండ్లమీదను, ఓడలమీదను ఎక్కి పారశీకమునకు, తూర్పుదీవులకు, ఐరోపాకు పోయెను. నేసినవాడు మాత్రము ఊరు విడువలేదు. బట్టకై వర్తకుడే వాని వాకిటికి వచ్చుచుండెను. వాని కష్టమునకు తగిన వెల వచ్చినదని నేననుటలేదు. దళారి వాటా, బయానా అప్పు ఆనాడును కలవు. అయినను పని వానిని వెదకికొని వచ్చినది గాని, వాడు పనిని వెదకికొని పోలేదు. ఈ భేదమే మనకు ముఖ్యము.

ఇక రైలుదారిని చూతము. నేడు అహమ్మదాబాదు చెన్నైల నడుమ నడచు నవజీవన్ ఎక్స్‌ప్రెసు సూరతు దాటగనే ఉధనా కడ బొంబాయి మార్గమును విడిచి తూర్పునకు మరలును. నందుర్బారు, జలగాము, భుసావళి, అకోలా, వార్ధా, బల్లార్షా, మంచిర్యాల, జమ్మికుంట మీదుగా ఓరుగల్లు చేరును. సుమారు వేయి కిలోమీటర్ల ఈ దూరమునకు ఒక అహోరాత్రము పట్టదు. టావెర్నియే 27 దినములతో పోల్చినచో ఇది అద్భుతమే. కాని ఈ మార్గము ఒక్క సంకల్పముతో వేసినది కాదు. వేర్వేరు కాలములందు, వేర్వేరు ప్రయోజనములకై వేసిన తునకలు కలిసి ఒక దారియైనవి.

భుసావళినుండి నాగపురమునకు పోవు మార్గము 1867లో పూర్తియయ్యెను. అమెరికా అంతర్యుద్ధమువలన (1861–65) లాంకషైరు మిల్లులకు ప్రత్తి కరవైనపుడు, బీరారు నల్లరేగడిలో పండు ప్రత్తిని బొంబాయి రేవునకు చేర్చవలసిన తొందర దాని వెనుక నుండెను. వార్ధానుండి దక్షిణమునకు వచ్చిన శాఖను 1870 తరువాతి దశకమున వరోడా బొగ్గు గనులకొరకు వేసిరి. సూరతునుండి తాపీలోయ వెంట ఖాందేశమునకు పోవు మార్గము 1900 నాటికి సిద్ధమయ్యెను. అదియు ప్రధానముగా ప్రత్తి పండు సీమనుండియే పోవును. ఇటు నిజాము రాజ్యమున 1874లో వాడినుండి సికిందరాబాదునకు బండి వచ్చెను. ఆ మార్గమే 1886లో ఓరుగల్లునకు, 1889లో బెజవాడకు సాగెను. సింగరేణి బొగ్గు అందులకు ముఖ్యకారణములలో నొకటి. కాజీపేట బల్లార్షాల నడుమ మిగిలిన వెలితి 1929 నాటికి పూడినది. దానితో ఢిల్లీ, మద్రాసులు తిన్నగా కలిసినవి.

ప్రత్తికై ఒక తునక, బొగ్గుకై ఒక తునక, రాజధానుల కూడికకై మరియొక తునక. నేతగానికై వేసిన పట్టా ఒక్కటియు లేదు. అయినను వాని బ్రదుకును ఈ పట్టాలు మార్చినంతగా మరేదియు మార్చలేదు. ఇచటి ప్రత్తి ఈ పట్టాలమీదనే రేవునకు పోయెను. మిల్లునూలు, మిల్లుబట్ట ఈ పట్టాలమీదనే సంతకు దిగెను. కడపట నేతగాడు తానే ఈ పట్టాలమీద బయలుదేరెను.

వాడు ఏ క్రమమున ఏ యూరికి పోయెనో చూచినచో రైలుపటమే ఆ క్రమమును విప్పి చెప్పును. హైదరాబాదు రాజ్యమునకు మొదట దొరికిన బండి వాడి మీదుగా షోలాపురము, పూనా, బొంబాయి పోవునది. కనుక తొలుత వలసపోయినవారు ఆ దారిని పట్టుకొనిరి. 1876–78 నాటి ఘోరమైన కరవు దక్కనునంతటిని పీడించెను; 1877లో షోలాపురమున తొలి నూలు, నేత మిల్లు నడువనారంభించెను. అచటి పద్మశాలీ పేటలు నేడును తెలుగు మాటాడుచున్నవి. బొంబాయిలో కామాఠిపుర అను పేరే తెలుగు కూలివారినిబట్టి వచ్చినది. పిదప మిల్లులవద్దకు, ఆపై భివాండి మరమగ్గములవద్దకు మనవారు పోయిరి. భివాండిలో పనిచేసినవారిలో కొందరు పాత మగ్గములను కొని తెచ్చి సిరిసిల్లలో నాటుకొనిరి. ఆ యంత్రమును సిరిసిల్లవారు 'సాంచె' యందురు.

సూరతు ఈ వరుసలో తరువాతిది. పూర్వము జరీకి, కింకాబునకు పేరెన్నికగన్న ఆ నగరము ఇరువదవ శతాబ్దమున కృత్రిమపు పట్టునకు, అటుపై పాలియెస్టరు బట్టకు నిలయమైనది. 1960లో గుజరాతు ప్రత్యేకరాష్ట్రమై, 1962లో పారిశ్రామికాభివృద్ధి సంస్థను ఏర్పరచుకొనెను. పాండేసర వాడ ఆ సంస్థకు చెందినదే. 1982లో బొంబాయి మిల్లు కార్మికులు చేసిన మహాసమ్మె తరువాత ఆ మిల్లులు పెక్కు తిరిగి లేవలేదు. నేతపని భివాండి, సూరతుల మరమగ్గములకు మరలెను. పని ఎటు మరలినదో పనివాడును అటే మరలెను. తాపీలోయ మార్గమున తిన్నగా పోవు బండి యుండుటచే కరీంనగరు సీమవానికి బొంబాయికంటె సూరతు దూరము కాలేదు.

తిన్నగా అను మాటకు కొంత సవరణ కావలెను. ఇరువదవ శతాబ్దమంతయు సిరిసిల్లకు రైలు లేదు. నేతగాడు ముందు బస్సులో జమ్మికుంటకో, పెద్దపల్లికో, కాజీపేటకో చేరవలెను. అచట జనరల్ డబ్బాలో చోటు సంపాదింపవలెను. బియ్యపు మూట, పచ్చడి జాడీ, మడత దుప్పటి, ఊరివారు తమ పిల్లలకని పంపిన పొట్లములు వాని సామాను. కూర్చుండ చోటు దొరకనివాడు తలుపుదగ్గర దుప్పటి పరచుకొనును. మంచిర్యాలకు ముందు గోదావరి వంతెన వచ్చినపుడు పెద్దలు పైసలు తీసి నీటిలోనికి విసరి నమస్కరింతురు. సిర్పూరు దాటిన పిమ్మట నామఫలకములపై తెలుగు అక్షరములు మాయమగును. రాత్రి యంతయు మరాఠీ దేశము. నందుర్బారు దాటిన పిదప గుజరాతీ అక్షరములు కానవచ్చును. చదువురానివానికి ఈ లిపుల భేదము తెలియదు గాని, బండిలో అమ్మవచ్చినవాని కేకనుబట్టి దేశము మారినదని తెలియును. ఉధనాలో దిగినవానికొరకు ఊరివాడొకడు వచ్చి నిలిచియుండును. ముందు పోయినవాడు వెనుకవానికి దారి, గది, పని, అప్పు నాలుగును చూపును. వలసచరిత్రకు రైలుపట్టా ఎంత ముఖ్యమో ఈ ఊరివాడును అంత ముఖ్యుడు.

సూరతు పరిశ్రమలో పని మూడు తావులలో జరుగును. మరమగ్గములపై కోరాబట్ట తయారగును. అది పాండేసర వంటి వాడలలోని మిల్లులకు వచ్చి ఉడికి, రంగెక్కి, అచ్చుపడును. అచటినుండి చీరలుగా నగరములోని టోకు అంగళ్లకు చేరును. మగ్గముకడ పాళీ పన్నెండు గంటలు. కూలి నేసిన కొలదిని. ఒకడు పనికి లేచిపోయిన చాపమీద పని ముగించి వచ్చినవాడు పరుండు గదులు కలవు. మగ్గముల రొదలో మాట వినబడదు. పనివారు సైగలతో మాటాడుకొందురు. ఒడిషానుండి, ఉత్తరప్రదేశమునుండి, బీహారునుండి, మహారాష్ట్రమునుండి వచ్చినవారు వీరికి తోడు. పడుగు, పేక, అచ్చు, ఆసు అని పుట్టినప్పటినుండి విన్నవాడు అచట యంత్రమును కనిపెట్టియుండు కాపరి మాత్రమే. తెగిన పోగును కనుమూసి తెరచునంతలో ముడివేయు నేర్పొకటే తాతలనుండి వానికి మిగిలిన సొత్తు.

అయినను వీరు అచట ఊరకే బ్రదుకుట లేదు, ఊరు కట్టుకొనిరి. మార్కండేయునికి గుళ్లు కట్టిరి. బతుకమ్మ పండుగ జరుపుకొందురు. సూరతు నగరపాలకసంస్థ నడుపు ప్రాథమికపాఠశాలలలో తెలుగుమాధ్యమపు బడులును కలవు. పరదేశమున తెలుగు బడి దొరకుట నేతపనివారి సంఖ్యకు, పట్టుదలకు ఫలము. కాని ఆ బడిలో చదివిన పిల్లవాడు పై తరగతులకు పోవునపుడు గుజరాతీకో, హిందీకో, ఆంగ్లమునకో మరలవలసివచ్చును. తెలుగు వానికి ఇంటిభాషగా, పెండ్లిపత్రికపై లిపిగా మిగులును.

వలసవాని ఊరు ఏదియో తేలునది ఆపద వచ్చినపుడు. 1994 సెప్టెంబరులో సూరతున ప్లేగు పుట్టెనను వార్త పొక్కగనే లక్షలాది జనులు కొలది దినములలో నగరమును విడిచిరి. అందరును పరుగెత్తినది రైలు స్టేషనుకే. అపుడు బండి నడచినది. 2020 మార్చిలో కరోనా మహమ్మారివలన దేశమంతట ప్రయాణికుల బండ్లు నిలిచిపోయినవి. మగ్గములును నిలిచినవి. ఏప్రిలు, మే నెలలలో సూరతు పనివారు పలుమారులు వీధులకెక్కి, తమను ఇండ్లకు పంపుడని అడిగిరి. కూలి లేక, బండి లేక, గదిలో నున్నవానికి వేయి కిలోమీటర్లు మరల 27 దినముల దారియైనది. శ్రామికులకై వేసిన ప్రత్యేకపు బండ్లలో మొదటిది ఆ సంవత్సరము మే 1వ తేదీన తెలంగాణములోని లింగంపల్లినుండియే ఝార్ఖండమునకు బయలుదేరెను. మన గడ్డనుండి అన్యప్రాంతపు పనివారు ఇండ్లకు పోవుచుండగా, మనవారు అన్యప్రాంతమున బండికై కనిపెట్టుకొనియుండిరి. వలస ఒక్క జాతికి, ఒక్క రాష్ట్రమునకు చెందిన కథ కాదనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

ఇక బట్ట సంగతి. పూర్వము గోలకొండ సీమ బట్ట సూరతు రేవునకు పోయెను. నేడు సూరతు చీర మన ప్రతి సంతలోను దొరకును. 2017లో తెలంగాణ ప్రభుత్వము తొలిసారి బతుకమ్మ చీరలను పంచినపుడు సిరిసిల్ల సాంచెలపై నేసినది చాలక కొంత భాగమును సూరతునుండి తెప్పించిరి. సిరిసిల్ల నేతగానికి పని కల్పించుటయే ఆ పథకపు ముఖ్యోద్దేశములలో నొకటి. ఆ సూరతు చీరలలో ఏదేని యొకటి పాండేసరలోనో, ఉధనాలోనో తెలుగువాని చేతిమీదుగా నడచినది కాదని ఎవరు చెప్పగలరు? మగ్గమునకు దగ్గరనున్న ఇల్లాలు కట్టవలసిన చీర వేయి కిలోమీటర్లు తిరిగి వచ్చెను. ఆ చీరను నేయగలవాడు అంతకుముందే అటు పోయియుండెను.

ఈ తలక్రిందులకు రైలే కారణమని నేను చెప్పుటలేదు. మిల్లునూలు, కరవు, అప్పు, పెట్టుబడి ఎటు చేరినదను ప్రశ్న, ఇవన్నియు కారణములే. రైలు వానిని కలిపిన దారము. టావెర్నియే నడచిన దారిని మనమెరుగుదుము, ఆయన వ్రాసెను గనుక. నవజీవన్ జనరల్ డబ్బాలో నలుబది యేండ్లు తిరిగినవాని దారిని వ్రాసినవారు తక్కువ. తొలుత పోయినవారు ఇపుడు వృద్ధులు. చెవులు మందగించినవి, మగ్గము విడిచిరి. కొందరు పాండేసరలోనే ఉండిపోయిరి, కొందరు ఊరికి తిరిగి వచ్చిరి. ఏ యేట బయలుదేరితిరి, ఏ స్టేషనులో ఎక్కితిరి, ఎవరు పిలిచిరి, తొలి కూలి ఎంత, తొలి ఉత్తరములో ఇంటికి ఏమి వ్రాయించితిరి అని వారిని అడిగి వ్రాసికొనుటకు పెద్ద ధనమక్కరలేదు. సూరతు, షోలాపురము, భివాండిలలో ఈ పని జరిగినచో తెలుగువారి ప్రయాణచరిత్రకు ఇంతవరకు లేని భాగము చేరును. వారున్నప్పుడే అడుగవలెను.