సంతకం ఎవరు పెట్టారు?

జోడేఘాట్ పోరాటం గురించి ప్రతి సభలో చెప్పుకుంటాం. మన ఆడపిల్లల హాస్టళ్లలో జరిగిన ఒక సంగతిని మాత్రం అంతగా తలచుకోం. అదీ మన చరిత్రే.

2009 జూలైలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా ఇది. భారత వైద్య పరిశోధన మండలి, అమెరికాకు చెందిన పాత్ సంస్థ కలిసి చేపట్టిన అధ్యయనంలో భాగంగా వేశారు. భద్రాచలం ప్రాంతపు ఆశ్రమ పాఠశాలల పిల్లలూ అందులో ఉన్నారు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో ఆందోళన రేగింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు.

ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తేలిన సంగతి వేరే ఉంది. పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. మరో 1,948 పత్రాలపై ఉన్నవి వేలిముద్రలు. వార్డెన్ సంతకం పెట్టిన చోట, గూడెంలోని అమ్మానాన్నల మాటకు చోటే లేకపోయింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ తీరును గట్టిగా తప్పుబట్టింది.

టీకా వద్దని మేం అనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నేటికీ దాన్ని సిఫారసు చేస్తోంది. మన చెల్లెళ్లకు అది అందాలి. అయితే నెలసరి గురించైనా, కాన్పు గురించైనా, సూది గురించైనా ముందు మన భాషలో విడమరచి చెప్పాలి. చదువుకున్న మనమే ఆ పత్రం ఇంట్లో చదివి వినిపిద్దాం. సంతకం అమ్మానాన్నలది కావాలి, 'సరే' అనే మాట పిల్లది కావాలి.