నమ్ముచున్నాను: ఒక క్రియాపదం చరిత్ర

1896లో తిరుత్తణికి చెందిన ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి తిరుపతిలో ఒక మిషన్ బడిలో చేర్చారు. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ అనే ఊరి నుంచి వచ్చిన లూథరన్ మిషనరీల బడి అది. పైన కొండమీద గోవిందనామాలు, కింద తరగతి గదిలో బైబిలు పాఠం. తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆ పిల్లవాడు అక్కడ నాలుగేళ్లు చదివి వేలూరు వూర్హీస్ కాలేజీకి, ఆపైన మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లాడు. మొత్తం పన్నెండేళ్లు మిషన్ చదువే. క్రైస్తవుడు మాత్రం కాలేదు. కానీ ‘నువ్వు నమ్మేదేమిటి, ఎందుకు నమ్ముతున్నావు’ అనే ప్రశ్న అతన్ని పట్టుకుంది, ముసలితనం దాకా వదల్లేదు. ఆ పిల్లవాడి పేరు సర్వేపల్లి రాధాకృష్ణన్.

ఆ ప్రశ్న తిరుపతి, చిత్తూరు సీమలకు అప్పటికే పాతది. పాదిరులు దాన్ని ఈ నేలమీద దాదాపు రెండు వందల ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. జవాబులు ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, ఏ భాషలో రాశారు అన్నదే ఈ కథ.

క్రైస్తవులు ఆరాధనలో నిలబడి చెప్పే విశ్వాస ప్రమాణానికి లాటిన్‌లో మొదటి మాట ‘క్రేదో’. నమ్ముతున్నాను అని ముందే ప్రకటించి, ఆ తర్వాత ఏం నమ్ముతున్నదీ వరసగా చెబుతారు. తెలుగులో అది కుదరదు. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. తండ్రి గురించి, ఆయన సృష్టి గురించి చెప్పవలసినదంతా చెప్పాకే ‘నమ్ముచున్నాను’ అనే మాట నోటికొస్తుంది. ఆ మాట కొసన ఉన్న ‘ను’లోనే ‘నేను’ దాగి ఉంటుంది. ఈ సీమలో ఆ చిన్న ‘ను’ కాగితం మీదికి ఎక్కడానికి చాలా కాలం పట్టింది.

మొదటి అంకం పుంగనూరులో జరిగింది. 18వ శతాబ్దం ఆరంభంలో పుదుచ్చేరి వైపు నుంచి జెసూట్ అనే కతోలిక సంఘానికి చెందిన ఫ్రెంచి పాదిరులు కర్ణాటక మిషన్ పేరుతో ఈ మెరక సీమకు వచ్చారు. కావిబట్ట కట్టి, మాంసం మాని, సన్యాసుల్లా బతికారు. తెలుగు నేర్చుకున్నారు, తెలుగులో వచనం రాశారు. పుంగనూరు, కృష్ణాపురం, చిక్కబళ్లాపురం వాళ్ల మకాములు. అక్కడి సంగతులు వాళ్లు రాసిన ఉత్తరాలుగా పారిస్‌లో అచ్చయ్యాయి. పుంగనూరు క్రైస్తవులు ఏం నమ్మారో ఈరోజు తెలుసుకోవాలంటే ఫ్రెంచి చదవాలి.

కతోలికుల్లో ఆత్మపరిశోధన లేకపోలేదు. పాపసంకీర్తనానికి ముందు మనిషి తన లోపలికి తాను చూసుకోవాలి, చూసింది గురువు చెవిలో చెప్పాలి. విన్న గురువు దాన్ని ఎవరికీ చెప్పరాదు, అది చర్చి శాసనం. అంటే ఒక రైతు అన్నిటికంటే నిజాయితీగా పలికిన మాటలు ఆ నియమం వల్లనే కాగితానికి ఎక్కకుండా పోయాయి. 1773లో రోము జెసూట్ సంఘాన్నే రద్దు చేసింది. ఆ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ‘వేదాంత రసాయనం’ అనే పద్యకావ్యంగా రాశాడు. అది తెలుగు సాహిత్యానికి దక్కిన సొత్తే. కానీ కవి అందులో క్రీస్తు చరిత్ర చెప్పాడు గాని, తన చరిత్ర చెప్పుకోలేదు.

19వ శతాబ్దంలో ఈ సీమకు రెండు వైపుల నుంచి రెండు ప్రశ్నోత్తరాల పుస్తకాల సంప్రదాయాలు వచ్చాయి.

దక్షిణం వైపు నుంచి వచ్చింది ఆర్కాటు మిషన్. అమెరికా రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన స్కడర్ సోదరులు ముగ్గురు 1853లో దాన్ని ప్రారంభించారు. చిత్తూరు దాని తొలి కేంద్రాల్లో ఒకటి. 1863 నుంచి మదనపల్లెలో జేకబ్ చాంబర్లేన్ స్థిరపడ్డారు. వైద్యుడు, బోధకుడు, తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షుడు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశారు. వాళ్ల చర్చికి ప్రమాణ గ్రంథాల్లో ఒకటి 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి. 129 ప్రశ్నలు. వాటిని ఏడాదిలోని 52 ఆదివారాలకు పంచిపెట్టారు. మొదటి ప్రశ్నే మనిషికి ఉన్న ఆదరణ గురించి, అదీ ‘నీకు’ అని ఏకవచనంలో.

తూర్పు వైపు నుంచి వచ్చింది హెర్మన్స్‌బర్గ్ మిషన్. అగస్ట్ మీలియస్ నాయకత్వంలో 1865లో సూళ్లూరుపేటలో పని మొదలైంది. నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, వెంకటగిరి, తిరుపతి, పుత్తూరు, కోడూరు వరకు పాకింది. వీళ్ల చేతిలో ఉన్నది 1529లో మార్టిన్ లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరి. సాక్సనీ పల్లెల్లో చర్చిలను చూడబోయిన లూథర్, జనానికే కాదు కొందరు పాదిరులకు కూడా మతంలో ఓనమాలు రావని చూసి తెల్లబోయి రాసిన పుస్తకం అది. ఒక్కొక్క ముక్క చెప్పడం, వెంటనే దాని అర్థమేమిటని అడగడం అందులోని పద్ధతి. విశ్వాస ప్రమాణం మీది జవాబులు ఉత్తమ పురుషలో ఉంటాయి. నన్ను సృష్టించాడు, నన్ను విడిపించాడు అన్న ధోరణి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ‘నేను’ అని ఉంది గాని ఆ ‘నేను’ను రాసినవాడు జర్మన్. దాన్ని అప్పజెప్పవలసినవాడు కాళహస్తి దగ్గరి మాలపల్లె కుర్రవాడు. లూథరన్ సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువ మంది మాలలు, మాదిగలు. అక్షరం వాళ్ల వాడలకు రాకుండా తరాల పాటు కాపలా కాసిన ఊళ్లు అవి. ఉపదేశి దీపం ముందు కూర్చోబెట్టి చెబితే వాళ్లు చెవితో నేర్చుకున్నారు. ప్రభువు బల్లకు రావాలంటే ముందు ప్రశ్నలకు జవాబు చెప్పాలి, కన్ఫర్మేషన్‌కు సంఘం ముందు నిలబడాలి. అప్పజెప్పినంత మాత్రాన అది సొంత నమ్మకమవుతుందా అని ఈరోజు అడగడం తేలిక. ‘నువ్వేమి నమ్ముతావు’ అని ఊళ్లో ఎవరూ ఎన్నడూ అడగని మనిషిని నిలబెట్టి ఆ మాట అడగడమే అప్పట్లో చిన్న విషయం కాదు. అయితే రిజిస్టరులో మిగిలినవి పేరు, తండ్రి పేరు, ఊరు, బాప్తిస్మం తేదీ. అతను ఎందుకు వచ్చాడో, వచ్చాక ఏ అనుమానాలు పడ్డాడో రాయడానికి అందులో గడి లేదు.

తిరుపతి సీమకు భక్తిని రాసి దాచుకోవడం తెలియనిదేమీ కాదు. తాళ్లపాక అన్నమాచార్యుల పాటలను ఆయన వారసులు రాగిరేకుల మీద చెక్కించారు. తిరుమల గుడిలో ఒక అరలో ఉన్న ఆ రేకులు 1922లో మళ్లీ వెలుగు చూశాయి. రాగి, చెక్కేవాళ్లు, దాచుకునే చోటు, వీటన్నిటి వెనక ఒక కుటుంబం, ఒక గుడి ఉన్నాయి. మాలపల్లె క్రైస్తవుడికి వాటిలో ఏదీ లేదు.

అతనికున్నది గొంతు. అందుకే తెలుగు క్రైస్తవుల ఆత్మపరిశీలన రెండు రూపాల్లో బతికింది. ఒకటి సాక్ష్యం. కూడికలో లేచి తన బతుకు ఎలా ఉండేది, ఎలా మారింది అని చెప్పుకోవడం. రెండోది కీర్తన. ఉత్తరాంధ్ర బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు రాగతాళాలతో సహా కీర్తనల పుస్తకంలో చేరి రాయలసీమ చర్చిల దాకా వచ్చాయి. ఆయన రాసిన ఒక వచన గ్రంథం పేరే ‘కులాచార పరీక్ష’. పుట్టి పెరిగిన ఆచారాన్ని పరీక్షకు పెట్టి ఆ పరీక్షను తెలుగులో రాయడం ఆయనకు చేతనైంది, ఎందుకంటే చదువు ఆయన ఇంట్లో ఉంది.

ఇప్పుడు మళ్లీ తిరుపతి బడి పిల్లవాడి దగ్గరికి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో రాధాకృష్ణన్‌కు తత్వశాస్త్రం చెప్పిన ఎ.జి.హాగ్ కూడా తన మతాన్ని కర్మ సిద్ధాంతం పక్కన పెట్టి పరీక్షించుకుంటున్న మనిషే. ఆయన పుస్తకం ‘కర్మ అండ్ రిడెంప్షన్’ 1909లో వచ్చింది. అంతకు ముందు ఏడాదే ఆయన శిష్యుడు వేదాంతంలోని నీతి మీద ఎం.ఏ. వ్యాసం సమర్పించాడు. వేదాంతంలో నీతికి చోటు లేదన్న విమర్శకు జవాబు అది. గురువు దాన్ని మెచ్చుకున్నారు. హిందూ ధర్మం మీద క్రైస్తవ విమర్శకులు వేసిన సవాలే తనను హిందూ గ్రంథాల్లోకి దింపిందని రాధాకృష్ణన్ తర్వాత కాలంలో దాపరికం లేకుండా రాసుకున్నారు. 1937లో ‘మై సెర్చ్ ఫర్ ట్రూత్’, 1952లో ‘ఫ్రాగ్మెంట్స్ ఆఫ్ ఎ కన్ఫెషన్’. ‘కన్ఫెషన్’ అనేది నాలుగో శతాబ్దం చివర సెయింట్ అగస్టీన్ తన ఆత్మకథకు పెట్టుకున్న మాట. లూథరన్ బడిలో చదువుకున్న హిందువు తన నమ్మకం రాసుకోవడానికి కూడా ఆ మాటే తీసుకున్నారు.

అదే కాలేజీలో చదివిన మరో తెలుగువాడు ఎదురు వైపు నుంచి ఈ పనే చేశాడు. పాండిపెద్ది చెంచయ్య 1886లో నెల్లూరులో పుట్టారు. చిన్నతనంలోనే, 1901లో, బాప్తిస్మం పొందారు. వకీలయ్యారు, పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1928లో రాజా ఎం.భుజంగరావుతో కలిసి ఇంగ్లీషులో తెలుగు సాహిత్య చరిత్ర రాసిందీ ఆయనే. 1938 డిసెంబరులో ప్రపంచ మిషనరీల మహాసభ మద్రాసు పక్కన తాంబరంలో జరిగింది. డచ్ పండితుడు హెండ్రిక్ క్రేమర్ ఆ సభ కోసమే ఒక పెద్ద గ్రంథం రాశారు. క్రైస్తవ సందేశానికీ ఇతర మతాలకూ మధ్య పూడ్చలేని అగాధం ఉందని అందులోని వాదం. చెంచయ్య, ఆయన బావ వెంగళ్ చక్కరై, మరికొందరు కలిసి అదే ఏడాది ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ తెచ్చారు. దొరలు కట్టిన చర్చి వేరు, క్రీస్తు వేరు అని చెంచయ్య వాదించారు. సిద్ధాంతాల పొరలు తీసేసి క్రీస్తును నేరుగా ఎదుర్కోవాలన్నారు. ఆయన్ను నూతన సృష్టికి ఆరంభంగా చూశారు. హిందూ సంప్రదాయాన్ని శత్రువుగా కాక తల్లిగా చూసే క్రైస్తవుడు తానని చెప్పడానికి వెనుకాడలేదు. పాదిరి కాని ఒక జడ్జిగారు తన మతాన్ని సాక్షిబోనులో నిలబెట్టిన సందర్భం అది.

సంఘాలు కూడా ఆ రోజుల్లోనే తమ నమ్మకాలను తిరగదోడవలసి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం జర్మన్లను ఇంటికి పంపేసింది. హెర్మన్స్‌బర్గ్ కేంద్రాలు అమెరికాలోని ఒహాయో సినడ్ లూథరన్ల చేతికి వచ్చాయి. 1945లో అవి సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి అయ్యాయి, కేంద్రం తిరుపతి. ఆర్కాటు మిషన్ వారు 1908లో దక్షిణ భారత ఐక్య సంఘంలోనూ, 1947 సెప్టెంబరు 27న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలోనూ కలిశారు. నాలుగు రకాల సంప్రదాయాలు కలవాలంటే ఏది తప్పనిసరిగా నమ్మాలి, ఏది ఎవరి ఇష్టానికి వదలాలి అన్నది తేల్చి రాయాలి. ఆ ఒప్పందంలో ఒక మెలిక పెట్టారు. విశ్వాస ప్రమాణాలలోని మూలసత్యాలు అందరికీ సమ్మతం. అయితే వాటిలోని ప్రతి మాటకూ సభ్యుడు తల ఊపాలని సంఘం పట్టుబట్టదు, తగిన మేరకు అర్థం చెప్పుకునే స్వేచ్ఛ ఉంటుంది. అంటే ‘నమ్ముచున్నాను’లోని ‘ను’కు సంఘమే రాతపూర్వకంగా కొంత జాగా ఇచ్చింది.

లెక్క చూస్తే తేలేది ఇది. పుంగనూరు గురించి రాసినవి ఫ్రెంచిలో ఉన్నాయి. హెర్మన్స్‌బర్గ్ వాళ్లు తమ ఊరికి రాసుకున్నవి జర్మన్‌లో ఉన్నాయి. చాంబర్లేన్ అనుభవాలు, రాధాకృష్ణన్ కన్ఫెషన్, చెంచయ్య పునరాలోచన ఇంగ్లీషులో ఉన్నాయి. తన బతుకునూ తన ప్రశ్నలనూ తెలుగులోనే, పద్యంలోనే రాసిన గుర్రం జాషువా వినుకొండవారు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, ‘నా కథ’ ఆయన ఆత్మకథ. తిరుపతి, చిత్తూరు పల్లెల్లో సైకిలు మీదా కాలినడకనా తిరిగిన ఉపదేశులు, బైబిలు స్త్రీలు, మిషన్ బళ్ల పంతుళ్లు తమ నమ్మకం గురించి తెలుగులో రాసింది మాత్రం పుస్తకాల బీరువాల్లో కనబడదు.

అయితే కొందరైనా ఏదో ఒకటి రాసే ఉంటారు. ప్రసంగం కోసం వేసుకున్న గుర్తులు, ప్రశ్నోత్తరి అంచున పెన్సిలుతో పెట్టిన అనుమానం, కొడుకుకు రాసిన కార్డు, బైబిలు అట్ట లోపల నాలుగు వాక్యాలు. తాతదో అమ్మమ్మదో అలాంటి కాగితం మీ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంటే చెదలకు వదలకండి. రాసినవారి పేరు, ఊరు, తెలిస్తే సంవత్సరం ఒక చీటీ మీద రాసి దానికి జతచేయండి. ఒక నకలు తీసి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థలోనో, బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్‌లోనో చూపించండి. రాసినవారు ఇంకా బతికుంటే, ఆ కాగితం పక్కన కూర్చుని వాళ్లనే అడగండి.