సున్నపురాతి నీళ్లలో నాచుతోట

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో పెద్ద అక్వేరియం నిండా మొక్కలు పెంచాలనుకునేవాళ్లు ముందు తెలుసుకోవలసింది కాళ్లకింది రాయి సంగతి. 1872లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద రాసిన గ్రంథంలో ఒక శిలావర్గానికి జమ్మలమడుగు పేరే పెట్టాడు. ఇళ్లలో పరిచే కడప బండల నార్జి సున్నపురాయి ఆ వర్గంలోదే. పులివెందుల వైపు వేంపల్లె పొరల్లో డోలమైటు ఉంది. అందులో కనిపించే స్ట్రోమటోలైట్లు దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట, ఎండను వాడుకుని నీళ్లలో బతికిన సూక్ష్మజీవులు కట్టిన పొరలు. ఇలాంటి రాళ్ల మధ్య ఊరిన బోరునీరు కఠినంగా ఉంటుంది. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునే సున్నమే అందుకు సాక్ష్యం.

గాజుతొట్టిలో మొక్కలతో చేపలను పెంచే సరదా మాత్రం లండన్‌లో ఊపందుకుంది. అక్కడ గాజు మీద పన్ను 1845లో పోయి గాజు చవకైంది. 1849లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక గాజుపాత్రలో రెండు గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా మొక్కను ఉంచాడు. చేప వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను మొక్క తీసుకుంటుంది, మొక్క ఇచ్చే ఆక్సిజన్ చేపకు చాలుతుందని అతని లెక్క. లెక్క సరైనదే కానీ కుళ్లిన ఆకులతో నీళ్లు మురికయ్యాయి. అప్పుడు చెరువు నత్తలను వేశాడు. అవి కుళ్లును తినేశాక నీళ్లు తేటపడ్డాయి. ఆ ఫలితాన్ని 1850లో కెమికల్ సొసైటీ ముందు చదివాడు. మొక్క, చేప, నత్త అన్న ఆ ముక్కాలి పీట మీదే నేటికీ మంచి అక్వేరియం నిలుస్తోంది. 1853లో లండన్ జూ చేపల ప్రదర్శనశాల తెరిచింది. మరుసటి ఏడు ఫిలిప్ గాస్ పుస్తకం అక్వేరియాన్ని ఇంటింటి సరదాగా మార్చింది.

మన చెరువుల్లో పెరిగే నాచు, అంటే హైడ్రిల్లా, ఈ చరిత్రలో వేరే దారిన ప్రవేశించింది. 1950ల మొదట్లో అక్వేరియం వ్యాపారం కోసం శ్రీలంక నుంచి ఫ్లోరిడాకు చేరింది. అక్కడ కాలువలో పడి, కొన్నేళ్లకే నదులనూ సరస్సులనూ కప్పేసింది. అమెరికాలో పాతుకుపోయిన ఒక రకం బెంగళూరు నమూనాకు దగ్గరని 1997లో జన్యు పరీక్షలు చూపాయి.

అక్కడ నాచును కలుపుగా మార్చిన మొండిగా పెరిగే గుణమే కడప నీళ్లలో వరం. నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ తగ్గితే హైడ్రిల్లా, వాలిస్నేరియా బైకార్బొనేటును వాడుకుంటాయి. సున్నపు నీళ్లలో దానికి కొదవుండదు. అప్పుడప్పుడు ఆకుల మీద కనిపించే తెల్లటి పొర ఆ పనికి గుర్తే, తెగులు కాదు. జపాన్‌కు చెందిన తకాషి అమానో 1992 నాటి పుస్తకంతో ప్రపంచమంతా మెచ్చిన తొట్టితోటల్లో కార్బన్ డయాక్సైడ్‌ను విడిగా ఎక్కిస్తారు. అది అద్భుతమైన కళే. కానీ కడప జిల్లాలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సిలిండర్లకు డబ్బు పోసేముందు నాచుతో, వాలిస్నేరియాతో చేయి తిరగనివ్వడం మేలు.

వేసవిలో నీళ్లు ఆవిరైనా ఉప్పులు తొట్టిలోనే మిగులుతాయి. తగ్గినంత బోరునీరు పోస్తూ పోతే కాఠిన్యం పెరుగుతూనే ఉంటుంది. కొంత పాతనీరు తోడేయాలి. పట్టి ఉంచిన శుభ్రమైన వాననీరు కలిపితే ఇంకా మంచిది, కానీ ఒక్కసారిగా కాదు, కొద్దికొద్దిగా. అందంగా ఉందని కడప రాతిముక్కను నీళ్లలో పెట్టేముందు నిమ్మరసం వేసి చూడాలి. బుసబుస పొంగితే అది సున్నం వదిలే రాయి. చేపల సంఖ్య తక్కువగా ఉంచాలి. వేడినీటిలో ఆక్సిజన్ తక్కువ, పైగా క్షారగుణం ఎక్కువైన నీటిలో చేపల విసర్జనలోని అమ్మోనియా మరింత విషమవుతుంది. దట్టమైన మొక్కలు దాన్ని పీల్చుకుంటాయి కాబట్టే ఈ నీళ్లలో అవి కేవలం అలంకారం కాదు.

కత్తిరించిన కొమ్మలను పెన్నలోనో, మైలవరం కాలువలోనో, ఊరి చెరువులోనో పారేయకండి. దుకాణం నుంచి తెచ్చిన విదేశీ మొక్కలైతే మరీ ముఖ్యం. ఎండలో బాగా ఎండబెట్టి ఎరువుగుంతలో వేయండి.