నగారాలో పిల్లలు: బూదికోట జాగీరు చుట్టూ అల్లుకున్న కథలు

కోలారు జిల్లా బంగారపేట తాలూకాలోని బూదికోటకు రెండు రకాల కథలున్నాయి. ఒకటి ఊరి పేరుది. బూది అన్న మాట ఇక్కడి తెలుగుకూ కన్నడానికీ ఉమ్మడి. సంస్కృతంలో ఈ ఊరిని విభూతిపురం అన్నారు. పక్కన పారే ఏరు మార్కండేయ నది. ఋషి, యజ్ఞం, బూడిద: స్థలపురాణానికి కావలసిన సరుకంతా చేతికందేలా ఉంది కనుక దీనిమీద ఎక్కువసేపు నిలవను.

రెండోది కోట యజమానిది. సిరా సుబేదారు కొలువులోని ఫతే మహమ్మద్‌కు బూదికోట జాగీరుగా దక్కింది. ఆయన కొడుకు, తర్వాత మైసూరును ఏలిన హైదర్ అలీ, ఇక్కడే పుట్టాడు. ఏ ఏడన్నది మాత్రం తేలలేదు; 1720, 1721, 1722 మూడూ పుస్తకాల్లో కనిపిస్తాయి. పుట్టిన తేదీని ఎవరూ పదిలం చేయలేదంటే అప్పటికి ఆ ఇంటి హోదా ఎంతటిదో ఊహించవచ్చు. వంశావళి సంగతీ అంతే. హైదర్, ఆయన కొడుకు టిప్పుల కొలువులో పనిచేసిన కిర్మానీ తన పర్షియన్ చరిత్రలో దాన్ని అరబ్బు ఖురేషీల దాకా తీసుకుపోయాడు. ఇంగ్లీషు సైనికాధికారి మార్క్ విల్క్స్, 1810లో వెలువడిన తన మొదటి సంపుటంలో, పంజాబు నుంచి వచ్చిన ఒక ఫకీరుతో మొదలుపెట్టి, సిరాలో సుంకం బంట్రోతుల మీదుగా కోలారు చేర్చాడు. ఒకరికి యజమాని గొప్ప కావాలి, ఇంకొకరికి శత్రువు అల్పత్వం కావాలి.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది నగారా కథ. ఫతే మహమ్మద్ యుద్ధంలో చనిపోయాక, దొడ్డబళ్ళాపురం పాలకుడు అబ్బాస్ కులీఖాన్ బాకీల నెపంతో ఆ కుటుంబాన్ని పీడించాడట. షాబాజ్, హైదర్ అనే ఇద్దరు పసివాళ్ళను నగారాలో కూర్చోబెట్టి, పైన తోలు బిగించి వాయించాడట. కాబోయే వీరుణ్ణి చిన్నప్పుడే పెట్టెలో బంధించడం కర్ణుడి నాటినుంచీ మనకు తెలిసిన కథాంశమే. దీన్ని నేను రాజకీయ వాదంగా చదువుతాను. 1761లో హైదర్ దొడ్డబళ్ళాపురాన్ని గెలుచుకున్నాడు. ఆ దండయాత్రను సమర్థించడానికి చిన్ననాటి పగకు మించిన కారణం దొరకదు.

అలాగని కథలా వినిపించేదంతా కల్పన అనడానికి వీల్లేదు. 1782 డిసెంబరు 7న చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో హైదర్ చనిపోయాడు. టిప్పు అప్పుడు మలబారులో ఉన్నాడు. సైన్యం చెదరకుండా మంత్రులు చావును దాచిపెట్టారు. శవాన్ని పెట్టెలో ఉంచి, ఖజానా అని నమ్మించి, కాపలాతో కోలారు పంపారు. కొన్నాళ్ళు ఫతే మహమ్మద్ సమాధి ఉన్నచోటే ఉంచి, తర్వాత శ్రీరంగపట్నం గుంబజ్‌కు తరలించారు. నగారా మాటెలా ఉన్నా, ఈ పెట్టె సంగతి చరిత్రకారులు నమోదు చేసిందే.