చేప తిత్తి, లండన్ బీరు, మన కచిడి

చెరువు నీళ్లు బురదగా ఉంటే పాతకాలం ఆడవాళ్లు చిల్లగింజను కుండ లోపల అరగదీసేవాళ్లు. తెల్లారేసరికి మట్టి అడుగున, పైన తేట నీళ్లు. బెల్లం వండేటప్పుడు చెరకు రసంలో బెండకాడల జిగురు పోసి మడ్డి తీసేదీ ఇలాంటి పనే. ఇంగ్లండులో బీరు తయారుచేసేవాళ్లకీ ఇదే అవసరం వచ్చింది. వాళ్ల చిల్లగింజ మాత్రం చేప పొట్టలో దొరికింది.

బార్లీ మొలకల రసం పులిశాక కూడా ఈస్టు అందులో తేలుతూనే ఉంటుంది. చల్లటి చోట వారాలపాటు కదపకుండా ఉంచితే దానంతటదే దిగుతుంది. ఇంట్లో చేసుకునేవాళ్లకి అది చాలు. అమ్ముకునేవాడు అన్నాళ్లు ఆగలేడు కదా, పీపా ఖాళీ కావాలి. అందుకే రష్యా నుంచి ఐసింగ్లాస్ తెప్పించేవాళ్లు. అది స్టర్జన్ అనే పెద్ద చేప గాలితిత్తి, ఎండబెట్టింది. పుల్లబీరులో నానేస్తే జావలా అవుతుంది. కొంచెం పీపాలో పోస్తే ఈస్టు దానికి పట్టుకుని, ఒకటి రెండు రోజుల్లో అడుక్కి చేరుతుంది.

ఇక్కడే అసలు కథ. దీన్ని వజ్రంలా ఉడికించి తీస్తారని ఇంగ్లీషువాళ్లు చాలాకాలం నమ్మారు. ఎంత ఉడికించినా బీరు తేరలేదు. ఉడికిస్తే అది ఉత్త బంకే. తిత్తిని కడిగి, పైపొర తీసి, ఎండబెట్టడమే, నిప్పు తగలకూడదు అని హంఫ్రీ జాక్సన్ అనే ఆయన 1773లో లండన్ రాయల్ సొసైటీకి రాసి బయటపెట్టాడు. ఇంత చిన్న కిటుకు తెలియక ఎన్నేళ్లు డబ్బు కట్టారో చూడండి!

అయినా రష్యా సరుకు ధర దిగలేదు. పౌను 25 షిల్లింగులు. 1795లో విలియం మర్డాక్, అంటే గ్యాసు దీపాలు వెలిగించిన స్కాట్లండు మనిషి, ఎండు కాడ్ చేపతో చవగ్గా అదే పని చేయించాడు. లండన్ బీరు వ్యాపారుల సంఘం ఆ పద్ధతి వాడుకోవడానికి 2,000 పౌన్లు ఇచ్చింది. ఆ రోజుల్లో అది మాటలు కాదు.

తర్వాత గాజు మీద పన్ను 1845లో ఎత్తేశారు. లోహపు చెంబుల్లో తాగినన్నాళ్లు మడ్డి ఎవరికీ కనపడలేదు, గాజు గ్లాసు వచ్చాక అందరికీ కనపడింది. తేటదనానికి గిరాకీ ఇంకా పెరిగింది.

మనకి సంబంధం ఏంటంటారా? జాన్ ఫోర్బ్స్ రాయిల్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి 1842లో ఏకంగా ఒక పుస్తకమే వేశాడు, భారత తీరాల్లో ఐసింగ్లాస్ తయారీ గురించి. మన సముద్రపు చేపల తిత్తులు అప్పటికే చైనాకి పోతున్నాయి, సూపులోకి. వాటిని ఇంగ్లండు పీపాల్లోకి మళ్లించాలని ఆయన ఆలోచన.

గిన్నిస్ కంపెనీ చేప తిత్తి మానేస్తామని 2015లో ప్రకటించింది. శాకాహారులు అడగడం ఒక కారణం. మన తీరంలో మాత్రం తిత్తి విలువ తగ్గలేదు. అంతర్వేది వైపు వలలో ఒక పెద్ద కచిడి పడితే ధర లక్ష దాటిందని పేపర్లో చూస్తూనే ఉంటాం. ఆ ధర కూర ముక్కలకి కాదు, లోపలి తిత్తికి.