కందెన నుండి ఇంజను నూనె వఱకు



మోటారుబండి యింజనునుండి కాఱిన నూనెను దాని రంగునుండియు, అడుగుభాగమునుండియు తొలఁగించుటను గూర్చి నేఁడు ముచ్చటింపఁబూనితిని. ఇట్టిదానికి చరిత్ర యేమని కొందఱు నవ్వవచ్చును. కాని చక్రము తిరుగుచోట నూనె యుండును; నూనెయున్నచోట మరక యుండును; ఆ మరకను వదల్చుటకు నీరు కావలయును. నీటి కఱవెఱిఁగిన కర్నూలు, కడప మండలములవారికి ఇది నవ్వులాట గాదు.

మోటారులు పల్లెలకు రాకపూర్వము మన యెద్దుబండ్ల యిరుసులకు కందెన వేయుచుండిరి. గడ్డిని కాల్చిన మసిని ఆముదముతో కలిపి, గొట్టమున నింపి, బండిక్రింద వ్రేలాడఁగట్టుట బాల్యమున నేను చూచినదే. పంచెకు కందెన యంటినచో ఇంటిలో చీవాట్లు తప్పవు. అయినను చాకలివారు దానిని వదలించెడివారు. వేసవిలో చవిటినేలలపై తెల్లగా పొంగు చౌడును తెచ్చి, నీటఁ గలిపి, బట్టను నానవేసి, బానలో నుడికించెడివారు. చౌటిలో సోడాక్షారము గలదు. వేఁడిమిచే ఆముదము క్షారముతోఁ గూడి కొంత సబ్బుగా మాఱును; మాఱినది నీటితోఁ బోవును. రసాయనశాస్త్రము చదువకయే వారు నడపిన రసాయనక్రియ యిది.

మన మెట్టచేలలోఁ బండు నీ ఆముదమునకు యంత్రయుగమునను గౌరవము దక్కినది. 1871లో మదరాసు రైలుమార్గము కడప, గుంతకల్లుల మీదుగా రాయచూరు చేరెను. ఆ కాలమున మన దేశపు రైళ్లకు ఆముదమే విరివిగా కందెనయైనది. ఆంగ్లదేశమున 1899లో వేక్‌ఫీల్డు స్థాపించిన సంస్థ 1909లో తన యింజను నూనెకు పెట్టిన కాస్ట్రాల్ అను పేరు సయితము ఆముదమునకుఁ గల ఆంగ్లనామమునుండి పుట్టినదే. సంస్కృతమున స్నేహమనఁగా నూనెయు, చెలిమియు గూడ. రెంటికిని రాపిడి తగ్గించు గుణమున్నది గదా!

అయితే 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియా యందు డ్రేకు త్రవ్వించిన బావితో భూతైలయుగ మారంభమైనది. భూతైలము క్షారముతోఁ గూడి సబ్బు కాదు. కనుక చాకలివారి చౌడు దీనిముందు నిలువలేదు. దీనిని మఱియొక భూతైలమగు కిరసనాయిలుతోఁ గరఁగించి, పిమ్మట సబ్బునీటితో విడదీయవలసి వచ్చినది. విచిత్రమేమనఁగా, చిక్కని ఆముదము కిరసనాయిలులో సరిగాఁ గరఁగదు. ఒకదాని మందు మఱియొకదానికి పనికిరాదు.

తొలినాఁటి యింజనులలో తిరుగుడుకడ్డీ చుట్టును త్రాటిని, అతుకులలో బెండును బిగించెడివారు, కాఱుట సహజము. మెఱుఁగైన రబ్బరు బిగింపులు వచ్చినను, అవి యెండి పగిలినప్పుడు నూనె కాఱకమానదు. మన ప్రాంతమున దీనికి తోడు ధూళి. ఎఱ్ఱగుంట్ల, బేతంచెర్ల ప్రాంతముల నాపరాతిపొడి నూనెపైఁ బడి యడుగున పెచ్చుగట్టును. గడ్డిమసి యిరుసునకు మెత్తన. రాతిపొడి రంగునకు ఆకురాయి. కావున రంగుపైఁ బడ్డ నూనెను పొడిగుడ్డతో రుద్దరాదు. మెత్తని గుడ్డతో నద్ది తీసి, సబ్బునీటితో కడుగవలెను. అడుగున పెచ్చును, ఇంజను చల్లారిన పిమ్మట, కఱ్ఱబద్దతో గీఁకి, కుంచెతో కొలఁదిగా కిరసనాయిలు పూసి, సబ్బునీటితోఁ గడుగుదురు. బ్రేకులకును, విద్యుత్తు తీఁగలకును, రబ్బరునకును అది తగులరాదు. నిప్పు దరికి రారాదు. కేవలము జాకీపై నిలిపిన బండిక్రిందికి దూఱుట ప్రాణాపాయము. శుభ్రపఱచినప్పుడే క్రొత్తచుక్క యెచ్చట పుట్టుచున్నదో తెలియును. ఆ చోటు బాగుచేయక కడిగిన కడుగు వ్యర్థము.

ఇఁక కడిగిన నీరు ఎక్కడికిఁ బోవును? తుంగభద్రపై సుంకేసుల యానకట్టనుండి వచ్చు కర్నూలు–కడప కాలువను ఒక ప్రైవేటు కంపెనీ త్రవ్వించెను. 1882లో ప్రభుత్వము కొనెను. అంత శ్రమపడి తెచ్చుకొన్న నీటిలో లారీలను దింపి కడుగుట నేను పలుమాఱులు చూచితిని. ఒక వేసవిలో మా యూరి కుంటపై నూనెపొర యింద్రధనుస్సువలె మెఱసినది. పసులు మూతిపెట్టి, త్రాగక వెనుదిరిగినవి. కుంటలో మిగిలిన నీరదియే; ఆ యేడు వానికి దూరపు బావినుండి తోడి పోసితిమి. వాడిన నూనెను అపాయకరమగు వ్యర్థముగా నెంచి, దాని నప్పగించు విధమును 2016 నాఁటి కేంద్రప్రభుత్వ నియమములు తెలుపుచున్నవి. బండి కడుగువారు కనీసము ఱంపపుపొట్టు పఱచి, పీల్చిన పొట్టును వేఱుగా మూటఁగట్టి, అట్టి వ్యర్థమును స్వీకరించుటకు అనుమతిగలవారి కీయవచ్చును.