మూసీ పరీవాహక తటాకములు – 1908 వరద సాక్ష్యము

హైదరాబాదు పాతనగరము మూసీనది దక్షిణ తటమున 1591లో వెలసినది. నది ప్రక్కనే యున్నను ఈ ప్రాంతపు జలసంపద ప్రధానముగా తటాకములలో నుండెను. పల్లపు నేలకు కట్టవేసి వాననీటిని నిలుపుట, ఒక చెఱువు నిండి అలుగు పాఱగా ఆ నీరు వాగువెంట దిగువ చెఱువును చేరుట తెలంగాణమున కాకతీయుల కాలమునుండి ప్రసిద్ధమైన పద్ధతి. ఈ గొలుసు నీటిని నిలువచేయుటయే కాక వరద వేగమును తగ్గించును. ఈ రెండవ ప్రయోజనమును మఱచుటవలన నగరమునకు కలిగిన చేటును పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

పాతనగరమున ఈ విద్యకు ఉత్తమ నిదర్శనము మీర్ ఆలం చెఱువు. 1804 నుండి 1808 వఱకు నిజాము దివానుగా నుండిన మీర్ ఆలం పేర వెలసిన ఈ చెఱువుకట్ట 21 అర్ధవృత్తాకారపు కమానుల వరుస. ప్రతి కమానును నీటి ఒత్తిడిని తన ఇరుప్రక్కల స్తంభములకు పంచును. రెండు శతాబ్దములు గడచినను కట్ట చెక్కుచెదరలేదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచెత్తెను. మృతులు సుమారు 15,000 మంది యని అంచనా. మరుసటి యేట నిజాము ప్రభుత్వపు ఆహ్వానముపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పరిశీలింపగా, నగరమునకు ఎగువనున్న పరీవాహక ప్రదేశమున 788 చెఱువులు కలవనియు, వానిలో 221 తెగినవనియు తేలెను. అతివృష్టికి తెగిన కట్టల నీరు తోడై ప్రళయమైనదన్నమాట. ఎగువ కట్ట తెగిన నీరు దిగువ కట్టను తెంచును. రక్షింపవలసిన గొలుసే ముప్పుగా మాఱును. ఆయన సూచనల ఫలితముగా మూసీపై ఉస్మాన్ సాగరము (1920), ఈసీపై హిమాయత్ సాగరము (1927) వెలసినవి. ఇవి మొదట వరదను అడ్డుకొనుటకై సంకల్పింపబడినవి. నగరమునకు త్రాగునీటి నిచ్చుట వాని రెండవ ప్రయోజనము.

ఈ జలాశయముల రక్షణకై 1996లో ప్రభుత్వము 111వ ఉత్తరువు వెలువరించి 84 గ్రామముల పరిధిలో నిర్మాణములపై ఆంక్షలు విధించెను. పది కిలోమీటర్ల లోపల ఒక నూనె కర్మాగారమునకు ఇచ్చిన మినహాయింపు చెల్లదని 2000లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. కాని నగరములోని చిన్న చెఱువులకు అట్టి శ్రద్ధ దక్కలేదు. అలుగు కాలువలు ఇండ్లక్రింద మఱుగుపడెను. 2020 అక్టోబరులో పల్లెచెఱువు పొంగియు, గుఱ్ఱంచెఱువు కట్ట తెగియు పాతనగరపు దక్షిణ ప్రాంతములు నీటమునిగినవి. 1908 నాటి కారణమే చిన్న పరిమాణమున పునరావృత్తమైనది. అయినను 2022లో 111వ ఉత్తరువు ఆంక్షలు తొలగింపబడినవి. నగరపు త్రాగునీటిలో ఈ జలాశయముల వాటా స్వల్పమనుట అందుకు చూపిన హేతువు. రెండవ ప్రయోజనమును కొలచి మొదటిదానిని విడిచిన వాదమిది.

ఆశాజనకమైన లక్షణములును లేకపోలేదు. 2024లో హైడ్రా సంస్థ శివరాంపల్లిలోని బమ్ రుక్నుద్దౌలా చెఱువున ఆక్రమణలు తొలగించెను. అంబరుపేటలోని బతుకమ్మకుంట పూడి, చెత్తతో నిండియుండగా, 2025లో కొలది అడుగులు త్రవ్వినంతనే నీరు ఊరెను. ఆ సంవత్సరముననే అది మరల చెఱువైనది. పూడిన చెఱువు నశించిన చెఱువు కాదని దీనివలన స్పష్టము.

కావున ఒక్కొక్క చెఱువును బాగుచేయుట మంచిదే యైనను, అలుగును దిగువ చెఱువుతో కలుపు కాలువను గూడ పునరుద్ధరించిననే గొలుసు పూర్తియగును. పాత రెవిన్యూ పటములను, చెఱువుల పేర్లను, శాసనములలోని సరిహద్దు వివరములను సేకరించి ఆ కాలువల జాడ తెలుపుట మన పరిశోధకులకు సాధ్యమైన కార్యము. గ్రామనామములపై కృషిచేయు విద్యార్థులు ఈ దిశగా దృష్టి సారింతురు గాక.